సునంద కోసం రాసిన రూలు

జైపాల్ చేసే ఉద్యోగం ఏమిటో వాళ్ల ఇంట్లో ఎవరికీ ఇప్పటికీ సరిగ్గా తెలియదు. తల్లి సత్తెమ్మ అడిగినవాళ్లందరికీ "కంప్యూటర్లు బాగుచేస్తడు" అని చెబుతుంది. భార్య అరుణ మాత్రం "కంపెనీల అందరి పాస్‌వర్డులు ఈయన చేతులనే ఉంటయి" అంటుంది, అవేవో బీరువా తాళాలైనట్టు. రెండూ నిజం కాదు, అలాగని శుద్ధ అబద్ధమూ కాదు. సుల్తాన్‌పూర్‌లో సిరంజీలు, సెలైన్ గొట్టాలు తయారుచేసే ఒక కంపెనీలో మెట్ల కింద గది ఆయనది. దానికి కిటికీ లేదు. ఏసీ మాత్రం ఆగకుండా నడుస్తుంది, అదీ మనిషి కోసం కాదు, మిషన్ల కోసం. ఎర్రటి ఎండాకాలంలో స్వెట్టర్ వేసుకుని పనిచేసే మనిషి ఈ పటాన్‌చెరు చుట్టుపక్కల ఇంకొకడుంటే చూపించండి.

ఆ గదిలోని మిషన్లలో ఒకటి డైరెక్టరీ సర్వర్. పేరు ఘనంగా ఉంది గానీ సంగతి చిన్నదే. కంపెనీలో పనిచేసే ప్రతి మనిషికీ అందులో ఒక ఖాతా ఉంటుంది. పేరు, ఐడీ నంబరు, సెక్షను, ఫోను, ఇంటి అడ్రసు అన్నీ అందులోనే. గేటు దగ్గర కార్డు గీసినా, క్యాంటీన్‌లో ప్లేటు తీసుకున్నా, ఫోన్లో హాజరు చూసుకున్నా ముందు ఆ మిషన్ను అడిగాకే పని జరుగుతుంది. ఎవరి వివరాలు ఎవరు చూడొచ్చు, ఎవరు మార్చొచ్చు అని దానికి రూల్స్ రాసిపెట్టడం జైపాల్ పని. ఎవరి ఫోన్ నంబరు వాళ్లే మార్చుకోవచ్చు, అడ్రసు మాత్రం ఆఫీసువాళ్లే మార్చాలి, పాస్‌వర్డు ఎవరికీ కనబడకూడదు, ఇలాంటివి. మిషన్ ఆ రూల్స్‌ను పైనుంచి కిందికి చదువుకుంటూ వస్తుంది. తనకు కావలసింది ఎక్కడ మొదట దొరికితే అక్కడే ఆగిపోతుంది, కింద ఇంకేం రాసి ఉన్నా దానికి పట్టదు. అందుకే ఏ లైను పైన ఉండాలి, ఏది కింద ఉండాలి అన్నది జాగ్రత్తగా చూసుకోవాలి. అటూ ఇటూ అయితే కొంప మునుగుతుంది.

జైపాల్ ఆ పనికి తగ్గ మనిషే. చిట్కుల్‌లో నాలుగు తరాలుగా సేద్యం చేసిన ఇల్లు వాళ్లది. పొలంలో మాత్రం ఈయన పనికిరాలేదు. నాగలి పడితే సాలు వంకర, నీళ్లు కడితే మడి గట్టు తెగిపోయేది. తండ్రి ఎల్లయ్య తల పట్టుకుని "నువ్వు ఏదన్న కూసుండి చేసే పని చూసుకోరా" అని వదిలేశాడు. అలా కుర్చీకి అతుక్కున్నవాడు మళ్లీ లేవలేదు. ఎవరినీ ఒక మాట అనడు, ఎవరి జోలికీ పోడు. ఎదుటివాడు కాస్త గొంతు పెంచితే చాలు, తలొంచుకుని స్క్రీన్‌లోకి చూస్తాడు. అరుణ ఏడిపిస్తుంటుంది, "మనుషులతోని మాట్లాడరాదు గానీ మిషన్లకు బాగనే ఆర్డర్లు ఏస్తవు" అని.

ఇక్కడొక మాట చెప్పుకోవాలి. ఈ వైపు మనిషికి ఒట్టి పేరు చాలదు. మహేష్ అంటే "ఏ మహేష్?" అని అడుగుతారు. లక్డారం మహేష్, ముత్తంగి మహేష్ అని ఊరు తగిలిస్తేనే పేరు పూర్తయినట్టు. కంపెనీ బస్సులు వచ్చాక ఊరి స్థానంలో బస్సు స్టాపు వచ్చి కూర్చుంది. బస్సుల ఇన్‌చార్జి రాంచందర్ పొద్దున్నే హాజరు పిలిచేది అలాగే. ఆయనే ఒకనాడు జైపాల్ గదికి వచ్చి, "తమ్మీ, ఒక్క పేరు మీద పది మందున్నరు, ఎవరు ఏ బస్సో తెలుస్తలేదు. పేర్ల ముంగట స్టాపు రాయి, నా పరేషాన్ తప్పుతది" అన్నాడు. జైపాల్ రాయించాడు. స్టాపు కోసం వేరే గడి పెట్టలేదు, పేరు గడిలోనే పేరుకు ముందు చేర్చాడు. ఎవరి స్టాపు మారినా రాంచందర్ మనుషులే పేరు సరిచేసుకునేలా ఒక రూలు కూడా రాసిచ్చాడు. అందరికీ నచ్చింది. ఎవరైనా మనిషిని పిలిచేది అలాగే కదా, కంప్యూటర్ కూడా మనలాగే పిలుస్తోంది అనుకున్నారు.

సునంద ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేస్తుంది. జైపాల్ ఊరి పిల్లే. ఆమె తండ్రి చిన్నరాములు బతికున్నన్నాళ్లూ ఎల్లయ్య పొలంలోనే పనిచేశాడు. ఆ చనువుతో ఆమె జైపాల్‌ను అన్నా అని పిలుస్తుంది గానీ, ఆ గదిలోకి ఎన్నడూ అడుగు పెట్టలేదు. అలాంటిది ఒక మధ్యాహ్నం భోజనాల వేళ తలకు పెట్టుకునే టోపీ చేతిలో నలుపుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"రా చెల్లె, ఏమైంది?" అన్నాడు జైపాల్.

"ఇల్లు ఇడిచిపెట్టి వచ్చేసిన అన్నా. బిడ్డను తీసుకొని వచ్చిన."

ఆమె భర్త బాలరాజ్ కూడా ఈ కంపెనీవాడే. పాశమైలారంలో ఉన్న రెండో యూనిట్‌లో స్టోర్స్ చూస్తాడు. తాగుడు లేదు, పేకాట లేదు. ఎక్కడ కనబడినా "అన్నా, మంచిగున్నవా" అని నవ్వుతూ పలకరిస్తాడు. బీరంగూడలో వాళ్ల గల్లీలో ఎవరినడిగినా బుద్ధిమంతుడనే చెబుతారు. జైపాల్ అదే మాట అనబోయాడు. సునంద కుడి చేతి జాకెట్టు అంచు పైకి జరిపింది. మోచేతి మీద ఇస్త్రీపెట్టె మూల దిగిన గుర్తు, ఇంకా పచ్చిగా ఉంది.

"బస్సు లేటయిందని చెప్పిన. నమ్మలే" అంది.

 జైపాల్ "ఠాణాకు పోదమా, నేనొస్త" అన్నాడు, వెళ్లే ధైర్యం తనకుందో లేదో తెలియకుండానే.

"వద్దన్నా. గొడవ నాతోని కాదు. నేను ఏడున్ననో ఆయనకు తెల్వకుంటే చాలు. రుద్రారంల రూము తీసుకున్న, కాలేజీ పిల్లలుండే దిక్కు. గాడ ఎవ్వరు ఎవ్వరిని అడగరు. బిడ్డ హరిచందనను గాడనే బడిల ఏసిన. కానీ ఆఫీసుల కొత్త అడ్రసు ఇయ్యాల్నని రాయించుకున్నరు. అది కంప్యూటర్ల ఆయనకు కనపడ్తదా అన్నా?"

కనబడుతుంది. రెండు యూనిట్లకూ డైరెక్టరీ ఒక్కటే. ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఇంటికి కబురు చేయడానికి వీలుంటుందని, లాగిన్ ఉన్న ప్రతివాళ్లకూ అందరి వివరాలూ కనబడేట్టు ఎప్పుడో ఒక పెద్ద రూలు రాసి ఉంది. ఆ రూలు ఇలా ఒక మనిషి వెంట పడుతుందని ఎవరనుకున్నారు.

"కనపడకుండ చేస్త. అది నా చేతుల పనే. నువ్వు ఫికర్ చెయ్యకు" అన్నాడు.

"నీకొక్కనికే చెప్పిన అన్నా" అని ఆమె వెళ్లిపోయింది.

నిజం చెప్పాలంటే ఆ పూట జైపాల్ ఛాతీ కాస్త పొంగింది. ఇన్నేళ్ల నౌకరీలో ఆయన్ను అడిగినవాళ్లంతా పాస్‌వర్డు మరిచిపోయిన బాపతే. ఒక మనిషి బతుకు తన మీద ఆధారపడడం అదే మొదలు. పర్సనెల్ మేనేజరు సూర్యారావును కలిసి విషయం చెప్పాడు. కాకినాడ వైపు నుంచి వచ్చిన పెద్దమనిషి ఆయన, గొడవలంటే పడదు. "చేసెయ్యండి జైపాల్ గారూ, పదిమందికీ తెలియనివ్వకండి" అన్నాడు. జైపాల్ కూర్చుని రూలు రాశాడు. సునంద ఖాతాలో ఫోను, అడ్రసు, అత్యవసరానికి ఇచ్చిన నంబరు, ఇవి మూడూ ఆమెకూ ఆఫీసుకూ తప్ప ఎవరికీ కనబడకూడదు. ఆ లైన్లను పెద్ద రూలుకు పైన పెట్టాడు. వరసలో తప్పు లేదు, అక్షరంలో తప్పు లేదు.

రాశాక మామూలు వర్కరు లాగిన్ ఒకటి పట్టుకుని పరీక్షించాడు. సునంద అని కొట్టాడు. "రుద్రారం సునంద, ప్యాకింగ్" అని వచ్చింది. దాని కింద ఫోను ఖాళీ, అడ్రసు ఖాళీ. ఆ ఖాళీ గళ్లను చూసుకుని తృప్తిగా ఊపిరి పీల్చుకున్నాడు. పై లైను చదవలేదా అంటే చదివాడు. కానీ అది పేరు. చిట్కుల్ జైపాల్ అని చిన్నప్పటి నుంచీ పిలిపించుకున్నవాడికి, పేరులో అడ్రసు ఉందని ఎలా తడుతుంది. పక్క రాష్ట్రం వాడెవడైనా ఆ గదిలో ఉండి ఉంటే, రుద్రారం అంటే ఏమిటని అడిగేవాడు. అడిగేవాళ్లు ఎవరూ లేరు. జైపాల్ క్యాంటీన్‌లో సునంద ఎదురైనప్పుడు "అయింది" అని మెల్లగా చెప్పాడు. ఆమె మొహంలో చాన్నాళ్లకు కాస్త వెలుగు కనబడింది.

ఆ వెలుగు ఎన్నో రోజులు నిలవలేదు. ఒక సోమవారం ప్యాకింగ్‌లో ఆమె లేదు. మర్నాడూ లేదు. జైపాల్ మనసు ఆగక బస్సుల షెడ్డు దగ్గరికి వెళ్లి రాంచందర్‌ను అడిగాడు, రుద్రారం సునంద రావట్లేదేమని.

"ఇగ ఆమె రుద్రారం కాదు తమ్మీ, మల్ల బీరంగూడనే" అన్నాడు రాంచందర్. "నిన్న పొద్దుగాల బస్సు పోయేసరికి వాళ్లాయన స్టాపుల నిలబడ్డడు. ఎంబడి ఇద్దరు పెద్దమనుషులు, ఒక ఆటో. లొల్లి ఏం చెయ్యలే, మంచిగనే మాట్లాడిండు. వస్తె ముగ్గురం కలిసి ఉందం, రాకుంటే పిల్లను నాకిచ్చి నువ్వు ఎటన్న పో అన్నడంట. పెద్దమనుషులు సుత గదే మాట అన్నరు. ఆమె జెర సేపు నిలబడి ఆటో ఎక్కింది. మొగుడు పెండ్లాల పంచాయితీల మనమేం మాట్లాడుతం?"

జైపాల్ గదికి వచ్చాడు. తలుపు వేసుకుని, అదే వర్కరు లాగిన్‌తో మళ్లీ సునంద అని కొట్టాడు. రాంచందర్ మనుషులు అప్పటికే మార్చేశారు. "బీరంగూడ సునంద, ప్యాకింగ్." ఆ ముందు మాట మారింది కాబట్టే ఈసారి అది కళ్లకు కనబడింది.  దాచమని నమ్మి చెప్పినదాన్ని, తానిచ్చిన రూలుతోనే ఆమె పేరు ముందు తగలనిచ్చి, రెండు యూనిట్ల జనానికీ చూపించాడు. అడ్రసు గడికి మాత్రం తాళం వేసి మురిసిపోయాడు. ఏమనాలి ఆ తెలివిని.

పేరు గడి కూడా కనబడకుండా ఇంకో లైను రాయడానికి ఎంతసేపు పట్టింది, టీ చల్లారేలోపు అయిపోయింది. ఇక సునంద అని కొడితే ఎవరికీ ఏమీ రాదు. ఇంత ఆలస్యంగా రాసినందుకు ఆయనకు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఇంటికి వెళ్లి అరుణకు చెప్పాడు. అన్నం కలుపుకుని అలాగే కూర్చున్నాడు.

"నువ్వు కావాల్నని చేసినవా ఏంది?" అంది అరుణ.

"కావాల్నని చెయ్యకపోతే ఆమెకు ఏం ఒరిగింది?" అన్నాడు.

ఆ ఆదివారం ఉండబట్టలేక బీరంగూడ వెళ్లాడు. తప్పు ఒప్పుకోవాలని, బాలరాజ్‌ను నిలదీయాలని దారంతా మాటలు కూర్చుకున్నాడు. తలుపు తీసింది బాలరాజే. "రా అన్నా, కూసో" అని కుర్చీ వేశాడు, ఫ్యాను పెట్టాడు. సునంద చాయ్ తెచ్చి తల ఎత్తకుండా ఇచ్చి లోపలికి వెళ్లింది. పొడుగు చేతుల జాకెట్టు వేసుకుంది. హరిచందన గోడ పక్కన కూర్చుని తండ్రి వైపే చూస్తోంది. "మా ఇంటామెకు జెర కోపమెక్కువ అన్నా" అన్నాడు బాలరాజ్ నవ్వుతూ. "గిట్ల కంపెనీల మీలాంటోళ్లు మంచి చెడ్డ చూసుకుంటరు కాబట్టి నడుస్తున్నది." జైపాల్ దారంతా కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ పెదవి దాటలేదు. చాయ్ తాగాడు. బాగుందన్నాడు. బండి తీసుకుని వచ్చేశాడు. ఆ చాయ్ తాగినందుకు తనను తాను ఎన్ని తిట్లు తిట్టుకున్నాడో లెక్కలేదు.

సునంద మళ్లీ పనిలోకి వచ్చింది. కొన్నాళ్లు ఎదురుపడకుండా జైపాలే తప్పించుకుని తిరిగాడు. క్యాంటీన్‌కు ఆలస్యంగా వెళ్లేవాడు. చివరికి ఆమే వచ్చింది, షిఫ్టు అయ్యాక, చేతిలో సూర్యారావు సంతకం చేసిన కాగితంతో.

"అన్నా, నా వివరాలు ఆయనకు కనపడేటట్టు చెయ్యాలంట" అంది.

"ఎవరన్నరు?"

"ఆయనే. మొన్న కంప్యూటర్ల చూస్తె నా పేరు సుత రాలేదంట. పెండ్లాం పేరు మొగనికి కనపడకపోవుడేందని..." చేతిలో కాగితం ముందుకు జరిపింది. "ఫోను, అడ్రసు, స్టాపు అన్ని కనపడాలంట. గేట్ల కార్డు ఎప్పుడు గీసిన, ఎప్పుడు బయటికి పోయిన, అది సుత."

"నేను చెయ్య" అన్నాడు జైపాల్. బహుశా జీవితంలో ఒకరికి కాదని చెప్పడం అదే మొదటిసారి. ఫోను తీసి సూర్యారావుకు కలిపాడు. ఇది పద్ధతి కాదు సార్, ఆమెతో బలవంతంగా రాయించారు అన్నాడు. 

"ఆవిడ స్వయంగా వచ్చి రాసిచ్చిందండీ" అన్నాడు సూర్యారావు. "ఎవరి వివరాలు ఎవరికి చూపించాలో వాళ్ల ఇష్టమే కదా. అప్పుడు దాచమంటే దాచాం, ఇప్పుడు చూపించమంటే చూపిద్దాం. సంసారం వాళ్లది, మనకెందుకు చెప్పండి."

జైపాల్ ఫోను పెట్టేశాడు. సునంద గోడకు ఆనుకుని నిలబడింది.

"చెయ్యన్నా. చెయ్యకుంటే నౌకరి బంద్ చేయిస్తా అన్నడు. నౌకరి ఉంటేనే నాకు పగటిపూటన్న జెర ఊపిరి ఆడుతది. అది సుత పోతే నేనేం కావాలె?"

జైపాల్ కుర్చీలోంచి లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. "చెల్లె, ఆయనకు నువ్వు ఎట్ల దొరికినవో తెలుసా? నా తప్పే. నేను..."

"ఎరుకే అన్నా" అంది సునంద. "వచ్చిన రోజే ఫోన్ల చూపించిండు. పేరు ముంగట్నే ఊరు పెట్టుకొని దాక్కుంటరా ఎవలన్న అని నవ్విండు. నేను సుత చూడలే అన్నా. హాజరు చూసుకున్నప్పుడల్ల రుద్రారం సునంద అనే వచ్చేది. రోజు చూసిన. అది నా పేరే అనుకున్న."

తిట్టి ఉంటే బాగుండేదని జైపాల్‌కు అనిపించింది. కొట్టినా పడేవాడు. ఆమె మొహంలో కోపం వెతికాడు, అలసట తప్ప ఏమీ లేదు. స్క్రీన్ వైపు తిరిగాడు.

"మొదట్ల ఉన్నట్టు అందరికీ తెరిచిపెడితే అయిపోతది. ఆయనకు సుత కనపడ్తది" అన్నాడు. కనీసం ఆమె కోసం ప్రత్యేకంగా ఇలాంటిదొకటి రాయకుండా తప్పుతుందని ఆయన ఆశ.

"వద్దంట. వేరే మొగోళ్లకు నా నంబరు ఎందుకు కనపడాలె అన్నడు. ఆయనకొక్కనికే ఉండాలంట."

జైపాల్ రాశాడు. సునంద ఖాతా మొత్తం ఆమెకు కనబడాలి, ఆఫీసుకూ బస్సులవాళ్లకూ కనబడాలి, బాలరాజ్‌కు కనబడాలి, ఇంకెవరికీ కనబడకూడదు. గేటు టైములు చూపించే సాఫ్ట్‌వేర్ కూడా ఈ మిషన్ మాటే వింటుంది కాబట్టి అక్కడ కూడా బాలరాజ్ పేరు చేర్చాడు. బాలరాజ్ ఐడీ నంబరు కొడుతుంటే వేళ్లు రెండుసార్లు తప్పు అంకె మీద పడ్డాయి. ఆ రూలును అన్నిటికన్నా పైన పెట్టాడు.

తర్వాత పరీక్షించాడు. మామూలు వర్కరు లాగిన్‌తో చూస్తే ఏమీ రాలేదు. అసలు సునంద అనే మనిషే ఆ కంపెనీలో లేనట్టు ఉంది. ఏ లాగిన్‌కు ఏం కనబడుతుందో అడిగి తెలుసుకునే సౌకర్యం అందులో ఉంది. బాలరాజ్ నంబరు ఇచ్చి అడిగాడు. ఫోను వచ్చింది. బీరంగూడ ఇంటి అడ్రసు వచ్చింది. ఆ పొద్దున ఆమె గేటు లోపలికి వచ్చిన టైము వచ్చింది. బయటికి వెళ్లిన టైము ఇంకా ఖాళీగా ఉంది.

సునంద కుర్చీ దగ్గరికి వచ్చి, ఆయన భుజం మీదుగా స్క్రీన్‌లోకి చూసింది.

"అయిందా అన్నా?"

"అయింది."

"ఆయనకు అన్ని కనపడ్తున్నయా, మల్లొకపారి చూడన్నా. ఏ ఒక్కటి కనపడకున్నా మల్ల నన్నే అడుగుతడు."

జైపాల్ మళ్లీ చూశాడు. ఈసారి పేరు దగ్గర్నుంచి మొదలుపెట్టి ఒక్కో గడీ చదివాడు. ఎక్కడా ఏ తప్పూ లేదు, అన్నీ కనబడుతున్నాయి. అదే మాట ఆమెకు చెప్పాడు.